నాలుగో జ్వరం

పట్టుపురుగులకు జ్వరం వస్తే మా ఇంట్లో మాటలు తగ్గిపోతాయి. జ్వరమంటే ఒళ్ళు కాలడం కాదు. పురుగు పెరిగి పెరిగి, ఉన్న తోలు చాలక, దాన్ని విడిచి కొత్తది తొడుక్కునే ముందు ఆకు తినడం మానేస్తుంది. తల పైకెత్తి కదలకుండా నిలబడిపోతుంది. మా వైపు దానికే జ్వరమని పేరు. గూడు కట్టేలోపు అట్లా నాలుగుసార్లు వస్తుంది. మొదటి రెండూ పిల్లపురుగుల్ని పెంచి రైతులకిచ్చే చాకీ కేంద్రంలోనే అయిపోతాయి. తర్వాతి రెండూ మన ఇంట్లో, మన కళ్ళ ముందు. నాలుగోది పెద్దది. అది సరిగ్గా దాటితే పంట వచ్చినట్టే. దాటకపోతే అప్పటిదాకా పడ్డ కష్టమంతా చెత్తకుప్పలోకి పోతుంది.

నేను ఈ పని తెలిసిన ఇంట్లో పుట్టలేదు. మాది బాగేపల్లి దిక్కు, కన్నడ రాష్ట్రంలో తెలుగు మాట్లాడే పల్లె. మెట్ట చేలు, వేరుసెనగ, రాగి. బడి దూరం, ఇంట్లో నా తర్వాత పుట్టిన పిల్లల్ని చూసుకునేవాళ్ళు లేరు, అందుకని నన్ను బడికి పంపలేదు. సాయంత్రం చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక మా నాన్న పలక తెచ్చి ముందు కూర్చోబెట్టుకునేవాడు. తెలుగు అక్షరాలు ఆయన దగ్గర దిద్దాను. కన్నడం బస్సుల బోర్డులు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాను. పలక పని అయ్యాక నాన్న ఒక అలవాటు చేయించాడు. దేవుణ్ణి ఏదైనా అడిగే ముందు ఆ రోజు ఆయన ఇచ్చినదాన్ని ఒకదాన్ని చెప్పి దండం పెట్టాలి. వాన పడకపోయినా, కూర మాడినా, ఏదో ఒకటి వెతికి చెప్పాలి. చిన్నప్పుడు అది నాకు ఆటలాగా ఉండేది. తర్వాత అదే నాకు వచ్చిన భక్తి.

కైవారం దాపుల ఉన్న ఈ పల్లెకు కోడలిగా వచ్చినప్పుడు పురుగుల మీద చెయ్యి పెట్టాలంటే ఒళ్ళు జలదరించేది. మొదటిసారి నాలుగో జ్వరం చూసినప్పుడు మాత్రం వాటి మీద జాలి కలిగింది. తట్టల నిండా తెల్లగా, తలలెత్తి, తిండీ తిప్పలూ లేకుండా నిలబడి ఉన్నాయి. లేత ఆకు పిడికెడు తీసుకుని చల్లబోతుంటే మా అత్తగారు వెనకనుంచి చూశారు.

"ఏం చేస్తాండావమ్మా?"

"పొద్దుట్నుంచీ పస్తుండాయి అత్తమ్మా. ఒకటో రెండో తింటాయేమోనని."

"పస్తు కాదు తల్లీ, వాటి పని అవి చేసుకుంటాండాయి. ఇప్పుడు ఆకేసినావంటే ముందు తోలు విడిచి లేచినవి తిని బలుస్తాయి, లేవనివి ఆకు కిందబడి అట్లే పోతాయి. చెయ్యి తియ్యి."

"మరి మనమేం చెయ్యల్ల?"

"ఏమీ చెయ్యగూడదు. తట్టలు ఆరేదానికి సున్నం చల్లినాం గదా, ఇంక అది దేవుడి పని. నువ్వు పోయి ఎసట్లో బియ్యం పొయ్యి."

ఇంకో సంగతి కూడా ఆమే నేర్పారు. పురుగులున్న ఇంట్లో పొగ పనికిరాదు. అగరొత్తి వెలిగించకూడదు, సాంబ్రాణి వెయ్యకూడదు, కర్పూరం లేదు, బీడీ లేదు. తిరగమాత కూడా పెరట్లో పెట్టుకోవలసిందే. మా పుట్టింట్లో సాయంత్రం సాంబ్రాణి వెయ్యకపోతే ఆ రోజు ముగిసినట్టే ఉండేది కాదు. ఇక్కడ నాకు మిగిలింది నాలుగు పూలు, పసుపునీళ్ళు, నోట్లో ఉన్న నాలుగు మాటలు. మొదట వెలితిగా ఉండేది. తర్వాత అదే బాగా అనిపించింది. చేతిలో ఏమీ లేకుండా దేవుడి ముందు నిలబడితే దాచుకోవడానికి కూడా ఏమీ ఉండదు.

అత్తగారు పోయాక పురుగుల భారం నా మీదా, మా ఆయన మీదా పడింది. ఆయన కన్ను నాకు రాలేదు. తట్ట మీదికి వంగి ఒక్కసారి చూసి, "ఇంక ఎయ్యి మే" అనేవాడు. అప్పుడు ఆకు వేస్తే పురుగులన్నీ ఒక్కటిగా మేసేవి. పెళ్ళైన నాటినుంచీ ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. "మే" అంటే నేనే. తోటలోంచి పొట్టిగా అంటే తాగడానికి నీళ్ళు తెమ్మని. సాగదీసి అంటే వచ్చి ఏదో చూడమని. మోటారు మోతలో కూడా నాకు ఆ పిలుపు వినపడేది.

ఆ పిలుపు పోయింది మల్బరీ గట్టు మీద.

పొద్దున్నే ఆకు కొయ్యడానికి వెళ్ళాడు. అంతకుముందే చాకీ పురుగులు తెచ్చి దించుకున్నాం. గడప మీద పసుపునీళ్ళు చల్లి లోపలికి తీసుకున్నాను. ఆయన ఎంతసేపటికీ రాకపోతే చెంబుతో నీళ్ళు తీసుకుని నేనే వెళ్ళాను. గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కొడవలి ఎడమ చేతిలో ఉంది. ఆయనది ఎడమచేతి వాటం కాదు. అదే ముందు కనపడింది నాకు. దగ్గరికి పోయి చూస్తే నోరు ఒక పక్కకు జారి ఉంది. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి. పెదవులు కదుపుతున్నాడు, శబ్దం లేదు.

"ఏమప్పా? ఏమైందప్పా? ఇట్ల చూడు."

కుడి చెయ్యి పట్టుకుంటే తడిబట్ట పట్టుకున్నట్టు వేలాడింది.

కారు ఎవరిదో, ఎవరు ఎత్తి కూర్చోబెట్టారో నాకు సరిగ్గా గుర్తు లేదు. చిక్కబళ్ళాపురం దాకా ఆయన తల నా ఒడిలో ఉంది. దారి పొడుగునా నేను దేవుణ్ణి ఒకటే అడిగాను, బతికించు స్వామీ అని. నాన్న నేర్పినట్టు ముందు దండం పెట్టి అడగడం ఆ రోజు తప్పిపోయింది. దండం పెట్టడానికి ఏమీ కనపడలేదు.

ప్రాణం నిలబడింది. మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారు. మాట పోయిందన్నారు. కుడి కాలు మెల్లగా వస్తుందన్నారు. వార్డులో డాక్టరమ్మ నా వయసు చూసో, ముఖం చూసో నెమ్మదిగా చెప్పింది.

"మాతు బర్బహుదు అమ్మా, బర్దేనూ ఇర్బహుదు. ఈగ్లే హేళోకాగల్ల."

మాట రావచ్చు, రాకపోనూవచ్చు, ఇప్పుడే చెప్పలేం. కన్నడంలో అన్నా తెలుగులో అన్నా అది ఒకటే. నేను తలూపాను. ఆమె వెళ్ళాక మా ఆయన నా వంక చూశాడు. ఆమె చెప్పింది ఆయనకు అర్థమైంది. తలలోపల అన్నీ ఉన్నాయి, బయటికి దారే లేదు. మనిషి ఎదురుగా ఉండి, తలుపు లోపలినుంచి గడియ పడ్డట్టు. నేను బయటినుంచి ఎంత తట్టినా తీయలేడు.

అంతకంటే చేతకానితనం నేను ఎరగను. అన్నం కలిపి పెట్టగలను, ఒళ్ళు తుడవగలను, పక్క మార్చగలను. ఆ నోట్లో ఒక మాట పెట్టలేను.

ఇంటి దగ్గర పురుగుల్ని ఎదురింటి అమ్మాయి చూసుకుంది. అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకూ ఇద్దరు పిల్లలు. ఒకరి పురుగులకు ఒకరం సాయం పోవడం మా దగ్గర ఉన్నదే, కానీ తన ఇంట్లో తన పురుగులు ఉండగా మా తట్టలకూ ఆకు వేసిందంటే అది మామూలు సాయం కాదు. రోజూ ఫోను చేసేది. "అక్కా, మూడో జ్వరం లేచినాయి. బాగా మేస్తాండాయి. నువ్వు బావని చూసుకో, ఈ ముండల్ని నేను చూసుకుంటా." పురుగుల్ని ముద్దుగా తిట్టడం ఆమె అలవాటు. ఆసుపత్రి వరండాలో ఆ తిట్టు విని నవ్వాను. ఆ రోజు దండం పెట్టడానికి ఒకటి దొరికింది.

మా ఆయన్ని ఇంటికి తెచ్చేసరికి పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. మాది పాత పెంకుటిల్లు. పెద్ద గదిలో పురుగుల తట్టలు, పక్కనే చిన్న గది. ఆయన మంచం చిన్న గదిలో వేశాం. రెండు గదుల మధ్య గోడ ఉంది గానీ అది పైకప్పు దాకా పోదు. ఆ కాలంలో గాలి ఆడడానికని మనిషెత్తు మీద కొంచెం కట్టి వదిలేశారు. ఆ ఖాళీ సంగతి మాకు ఎప్పుడూ గుర్తుండేది కాదు, దాన్ని చూసి చూసి.

మా ఆయన అక్క, అంటే నాకు వదినె, పాతపాళ్యంలో ఉంటుంది. తమ్ముడు ఇంటికి వచ్చాడని తెలిసి పొద్దున బస్సుకే వచ్చేసింది. మెట్ట సేద్యం చేసే మనిషి, ఎండకు నల్లబడి గట్టిపడిన చేతులు. ఈ ఇంట్లోకి పురుగులు వచ్చింది ఆమె పెళ్ళయి వెళ్ళాకే. సంచీలో రాగిపిండి, వేరుసెనగ, దేవుడి విభూతి, ఒక పొట్లంలో సాంబ్రాణి. తమ్ముణ్ణి చూసి గుమ్మంలోనే కూలబడింది.

"నా తమ్ముడా, నా నాయినా, ఎట్లుంటివి, ఎట్లయితివి! ఊరంతా వినబడేటట్ల అరిచేటోనివి, అక్కా అని ఒక మాట అనవా?"

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె ఏడుపు ఆపి, ముక్కు చీది, ఇల్లంతా ఒకసారి చూసింది. తర్వాత నా మీద పడింది.

"ఏమ్మా, దేవుడి గూట్లో అగరొత్తి మసి గూడా లేదే. ఇంట్లో పూజ పునస్కారం ఉండాదా లేదా?"

"పురుగులుండాయి వదినె. పొగ కూడదు. పూలు పెట్టి దండం పెడతాము."

"పొగ లేనింట్లో దేవుడు యాడుంటాడమ్మా? అందుకే నా తమ్మునికి ఇట్లయింది. పురుగులకు భయపడి దేవుణ్ణి బయట నిలబెట్టినారు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. పురుగుల తట్టలు చూడ్డానికి వచ్చిన ఎదురింటి అమ్మాయి మాత్రం ఊరుకోలేదు.

"పెద్దమ్మా, పొగేస్తే దేవుడొస్తాడో రాడో గానీ పురుగులు మాత్రం పోతాయి. మీ చేన్లో కాయ చెట్టుకుండంగ నేనొచ్చి నిప్పు పెడితే ఊరుకుంటావా?"

"ఓయబ్బా, నోరు చూడు దీనికి! నీ మొగుడు ఎట్ల ఏగుతాండాడే నీతో?"

"ఆయప్పకు చెవుడు పెద్దమ్మా."

వదినెకు నవ్వు వచ్చింది. నాకూ వచ్చింది. మంచం మీద ఆయన సగం మూతితో నవ్వాడు. ఆ పొద్దు అట్లా గడిచింది. వదినెకు చెప్పింది అర్థమైందని అనుకున్నాను. అర్థమయ్యే ఉంటుంది, కానీ తనదైన పద్ధతిలో.

మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను పెరట్లో ఆయన దుప్పట్లు ఉతుకుతున్నాను. వదినె చేసింది తర్వాత చెప్తే తెలిసింది. పురుగుల గది తలుపు బాగా మూసింది. మూసిన తలుపు కింద సందులో తడిగుడ్డ కూడా కుక్కింది. పాపం, అంత జాగ్రత్త పడింది. తర్వాత ధూపం పళ్ళెంలో నిప్పులు వేసుకుని, చిన్న గదిలో తమ్ముడి మంచం చుట్టూ సాంబ్రాణి పొగ తిప్పడం మొదలుపెట్టింది, తలనుంచి కాళ్ళదాకా, దేవుళ్ళను పేరుపేరునా పిలుచుకుంటూ. పొగ ఆయన మీద కమ్మి, పైకి లేచి, గోడ మీది ఖాళీలోంచి అవతలికి పోతోంది. ఆమె చూపు తమ్ముడి మీద ఉంది. మంచం మీద వెల్లకిలా పడుకున్న మనిషికి మాత్రం కనపడేది ఆ ఖాళీ ఒక్కటే.

నేను దుప్పటి పిండుతున్నాను. లోపలినుంచి అరుపు వినపడింది.

"వద్దు!"

చేతిలోది బండ మీద పడేశాను. ఆ గొంతు నాకు తెలుసు. ఎన్నేళ్ళుగానో విన్న గొంతు.

"వద్దు! వద్దు!"

లోపలికి పరిగెత్తాను. ఆయన ఎడమ చెయ్యి పైకెత్తి గోడ మీదికి చూపిస్తున్నాడు. మెడనరాలు తేలి ఉన్నాయి. వదినె ధూపం పళ్ళెం పట్టుకుని బిగుసుకుపోయి నిలబడి ఉంది. అంతలోనే ఏడుస్తూ నవ్వుతూ నన్ను చూసింది.

"మాట్లాడినాడమ్మా! మావోడు మాట్లాడినాడు! చూస్తివా, నా దేవుడు వచ్చేసినాడు!"

నేను ఆయన దగ్గరికే పోయాను. భుజాలు పట్టుకున్నాను. ఆయన నన్ను చూడడం లేదు, గోడ పైకే చూస్తున్నాడు. అప్పుడు గానీ నాకు పొగ కనపడలేదు. పళ్ళెం లాక్కుని బయట పడేసి, పురుగుల గది కిటికీలన్నీ తీశాను. తట్టల్లో పురుగులు, కదలకుండా నిలబడవలసినవి, తలలు అటూ ఇటూ ఆడిస్తున్నాయి. కొన్ని అంచులకు పాకాయి. కొన్ని తోలు సగం విడిచి, సగం విడవలేక ఉన్నాయి. విసనకర్ర పట్టుకుని విసిరాను. విసిరితే ఏమవుతుంది, ఏమీ కాదు. ఊరికే నిలబడలేక విసిరాను.

తిరిగి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.

"పొగ పోయింది. కిటికీలు తీసినా. ఇంక భయం లేదు. ఏదీ, నన్ను పిలువప్పా ఒక్కసారి. మే అను."

ఆయన పెదవులు కూడదీసుకున్నాడు. నేను ఆ పెదవులనే చూస్తున్నాను.

"వద్దు" అన్నాడు.

తాను అన్నది విని తానే ఉలిక్కిపడ్డాడు. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ప్రయత్నం చేశాడు. "వద్దు." ఇంకోసారి. "వద్దు." ఎడమ చేత్తో మంచాన్ని గుద్దాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని, "చాలు, చాలు, ఇంక చాలు" అన్నాను. వదినె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

ఆ పంటలో మూడొంతులు పోయింది. తోలు విడవలేని పురుగుల్ని ఏరి గుంట తీసి పూడ్చాం. వదినె కూడా మాతో కూర్చుని ఏరింది. చివర్లో నా వైపు చూడకుండా అంది.

"పురుగుల కాడ ఎయ్యలేదు గదమ్మా. తమ్ముని కాడ ఏసినా. తలుపేసినా, గుడ్డ గూడా పెట్టినా."

"తెలుసు వదినె."

"గోడ పైన అట్ల ఉండాదని నాకు గ్యాపకమే లేదు. ఆ గోడ కింద పుట్టి పెరిగినదాన్ని."

"మాకు మాత్రం గ్యాపకముండాదా? నువ్వు బాధపడొద్దు."

ఆమెను ఎందుకు తిట్టాలి? ఆమె పొగే వెయ్యకపోతే ఆ ఒక్క మాట కూడా వచ్చేది కాదేమో. వేసింది కాబట్టి పంట పోయింది. రెండూ ఒకే పళ్ళెంలోంచి వచ్చాయి. ఇందులో దేవుడి చెయ్యి ఎంత, మా చెయ్యి ఎంత అని నేను చాలాసార్లు ఆలోచించాను. నాకు విడదీయడం రాలేదు. వదినెకు ఆ సందేహం లేదు. ఇప్పటికీ తమ ఊళ్ళో, తన సాంబ్రాణితోనే తమ్ముడికి మాట వచ్చిందని చెప్తుంది. పురుగుల సంగతి చెప్పదు.

మళ్ళీ చిక్కబళ్ళాపురం తీసుకెళ్ళినప్పుడు డాక్టరమ్మ విని, ఇట్లా ఒక్క మాటే వచ్చి నిలిచిపోవడం ఉంటుందని చెప్పింది. మాట అభ్యాసం చేయించే ఇంకో ఆమెను చూపించింది. ఆమె బొమ్మలు చూపిస్తుంది, పాలు, చెంబు, ఆవు. ఆయన ప్రతి బొమ్మనూ శ్రద్ధగా చూసి "వద్దు" అంటాడు. ఆమె విసుక్కోదు. బయటికి వచ్చాక విసుక్కునేది నేనే, ఆయన మీద కాదు, పైనున్నవాడి మీద. ఇన్ని మాటలుండగా ఇదొక్కటే ఇచ్చావేమయ్యా అని.

నీళ్ళు తాగుతావా అంటే "వద్దు" అంటూనే చెంబు కోసం చెయ్యి చాపుతాడు. నిజంగా వద్దనప్పుడూ అదే మాట. నెమ్మదిగా గొంతులో తేడాలు పట్టుకోవడం నేర్చుకున్నాను. పొట్టిగా అంటే ఒకటి, సాగదీస్తే ఒకటి. ఎప్పుడో తోటలోంచి వచ్చిన పిలుపును పోల్చుకున్నట్టే. అయినా సగంసార్లు తప్పుతాను. తప్పితే కోపం తెచ్చుకుంటాడు, ఆ కోపానికీ మాట అదే.

ఎదురింటి అమ్మాయి ఒకరోజు ఆయన ఎదురుగానే అంది. "బావా, పెండ్లి పీటల మీద ఈ మాట అనింటే మా అక్క బతికిపోయింటుంది."

ఆయన పకపకా నవ్వాడు. నవ్వు మాత్రం పూర్తిగా పాతదే. నవ్వుకు రెండు పక్కల మూతీ అక్కరలేదని ఆ రోజు చూశాను. సాయంత్రం దేవుడికి ఆ నవ్వు చెప్పుకున్నాను.

మా కూతురు సోమేనహళ్ళిలో అత్తగారింట్లో ఉంటుంది, అప్పుడు బాలింత. రాలేక ఫోనులో బిడ్డను చూపించేది. ఆ పసిది ఊ అంటే ఈయన "వద్దు" అంటాడు. అది కేరింతలు కొడుతుంది. ఇద్దరూ అట్లా మాట్లాడుకునేవాళ్ళు. కొంచెంసేపటికి ఫోనులో మా అమ్మాయి ముఖం పక్కకు తిరిగిపోయేది. "ఉంటానమ్మా, నీళ్ళు కాగినాయి" అని పెట్టేసేది.

కాలు కొంచెం నిలదొక్కుకున్నాక కైవారం తీసుకెళ్ళాను. మఠంలో భజన జరుగుతోంది. ఒక మూల గోడకు ఆనించి కూర్చోబెట్టి నేను పక్కన కూర్చున్నాను. ఆయనకు చిన్నప్పటినుంచీ ఆ భజనలు వచ్చు. కాసేపటికి ఎడమ చెయ్యి తొడ మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది. తర్వాత గొంతు లేచింది. రాగం తప్పలేదు, ఎత్తు తప్పలేదు. మాటలు మాత్రం "వద్దు వద్దు వద్దు" అని. కళ్ళు మూసుకుని, దేవుడి ఎదుట, ఎంతో భక్తిగా.

ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఒకాయన కనుబొమ్మలు ముడిచాడు. నాకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేసి మెల్లగా, "ఆపప్పా, అందరూ చూస్తాండారు" అన్నాను. మా పక్కన కూర్చున్న ముసలామె నా చెయ్యి తీసేసింది.

"పాడనీమ్మా. నీకేం నష్టం? ఆయప్ప నిన్ను జూసి పాడ్తాండాడా?"

చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నేనేం చేస్తున్నానో ఆ పాట వింటూ ఉంటే తెలిసింది. మల్బరీ గట్టు మీద ఆయన్ని చూసిన పొద్దునుంచీ నేను దేవుడితో అంటున్నదీ అదే. ఇది వద్దు స్వామీ, ఇట్లా వద్దు, నాకీ బతుకు వద్దు. పూలు పెట్టి, పసుపునీళ్ళు చల్లి, మంచి మాటల్లో చుట్టి అంటున్నాను. ఆయన చుట్టకుండా అంటున్నాడు, పైగా రాగం కూడా తప్పకుండా. దేవుడికి ఏది ఇష్టమో నేను చెప్పలేను. నా గొంతు మాత్రం ఆ రోజు భజనలో కలవలేదు.

ఆ తర్వాత నా అడగడం మారింది. మాట ఇవ్వు అని అడగడం మానలేదు, అది మానడం నా వల్ల కాదు. దానితో పాటు ఇంకోటి కూడా చెప్పుకుంటున్నాను. నువ్వేం చేస్తున్నావో నాకు తెలియడం లేదు, తెలియకపోయినా నీ చేతిలోనే ఉన్నాం, వదలొద్దు. చెప్పినంత మాత్రాన ధైర్యం వచ్చిందని కాదు. చాలా పొద్దుల్లో అది ఊరికే నోటితో అనడమే.

తోట మళ్ళీ చిగిర్చింది. ఎవరి పనీ ఆగదు, ఆకు పెరిగితే పురుగులు తేవాల్సిందే. ఎదురింటి అమ్మాయి తోడు వచ్చి చాకీ పురుగులు తెచ్చుకున్నాం. గోడ పైన ఖాళీకి గోనెపట్టా కట్టాను. ఆయన కుర్చీ పురుగుల గది గుమ్మంలో వేశాను. పొద్దస్తమానం అక్కడే కూర్చుని తట్టల వంక చూసేవాడు. మూడో జ్వరం దాటింది. నాలుగోది వచ్చింది. సున్నం చల్లి చెయ్యి కడుక్కున్నాను.

మర్నాడు ఎండ ఎక్కేసరికి కొన్ని లేచాయి. కొత్త తోలుతో ముడతలు ముడతలుగా, ఆకు కోసం మూతులు ఆడిస్తూ. కొన్ని ఇంకా తలలెత్తి నిలబడే ఉన్నాయి. ఎన్ని లేచాయి, ఎన్ని లేవలేదు, ఇంకా ఆగాలా, ఇప్పుడే వెయ్యాలా? ఎదురింటి అమ్మాయి చింతామణి పోయింది, అడగడానికి లేదు. కోసి తెచ్చిన ఆకు తడిగోనె కింద ఉంది, ఎండకు వాడిపోతుందేమోనని భయం. పోయినసారి పూడ్చిన గుంట పెరట్లో కనపడుతూనే ఉంది. ఇదివరకైతే ఆయన వంగి చూసి ఒక మాట అనేవాడు. ఆ ఒక్క మాట మీద నడిచిన ఇల్లు ఇది.

లేచినవి ఆకలితో ఉన్నాయి కదా అనిపించింది. ఆకు దోసెడు తీసుకున్నాను. మొదటి తట్ట మీదికి చెయ్యి చాపాను.

"వద్దు" అన్నాడు గుమ్మంలోంచి.

తిరిగి చూశాను. ఆయన చూపు తట్ట మీదే ఉంది. గొంతు పొట్టిగానూ లేదు, సాగదీసినట్టూ లేదు. కోపం లేదు.

"ఆగమంటావా? ఇంకా లేవల్లనా?"

"వద్దు."

"ఎయ్యమంటావా అయితే?"

"వద్దు."

ఆయన ముఖం చూస్తూ నిలబడ్డాను. సగం ముఖం ఏమీ చెప్పదు. మిగిలిన సగం చెప్పేది నాకు చదవడం రాలేదు. ఆ మాట ఎప్పుడూ అనే మాటో, పురుగుల్ని ఎరిగిన మనిషి అన్న మాటో ఈ రోజుకీ నాకు తెలియదు. ఆయన నోట మే అన్న పిలుపు కూడా ఈ రోజుకీ రాలేదు.

నేను చెయ్యి తీసేశాను. దోసెడాకు మళ్ళీ తడిగోనె కింద కప్పి పెట్టాను. ఆయన కుర్చీ పక్కన గడప మీద కూర్చున్నాను. లోపల లేవని పురుగులు తలలు పైకెత్తి అట్లాగే నిలబడి ఉన్నాయి. ఆయన ఎడమ చెయ్యి వచ్చి నా తల మీద పడింది, బరువుగా. దాన్ని తీయకుండా, ఇద్దరం వాటి వంకే చూస్తూ కూర్చున్నాం.